1969 రోడ్‌రన్నర్, అదీ రీస్టోర్ చెయ్యనిదే: నా అనుభవం

"అదే డబ్బుకి తళతళా మెరిసేది వచ్చేది కదా, ఈ సొట్టల బండి ఎందుకు కొన్నావ్" అని ఈ మధ్య మిషిగన్‌లోని మా నోవైలో నన్ను అడగని తెలుగువాడు లేడు. పార్టీకెళ్తే ఇదే ప్రశ్న, గుళ్ళో ప్రసాదం లైన్లో ఇదే ప్రశ్న. అందుకే ఒకసారి మొత్తం రాసిపెట్టేస్తే ఇంక ఎవరడిగినా ఇదే పంపించెయ్యొచ్చని కూర్చున్నా. కొంచెం పెద్దదే, ఓపికున్నవాళ్ళు చదవండి.

కొన్నది 1969 ప్లిమత్ రోడ్‌రన్నర్. టూ డోర్ హార్డ్‌టాప్, 383 క్యూబిక్ ఇంచ్ వీ8, అంటే మన లెక్కలో దాదాపు 6.3 లీటర్లు, ఆటోమేటిక్, ముదురాకుపచ్చ రంగు, ప్లిమత్ వాళ్ళు దానికి పెట్టిన పేరు ఐవీ గ్రీన్. ఒక్క ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) తప్ప మిగతా అంతా ఫ్యాక్టరీలో కొట్టిన పెయింటే, ఆ ఫెండర్ సంగతి తర్వాత చెప్తా.

రోడ్‌రన్నర్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1964లో పాంటియాక్ జీటీవో వచ్చాక ఇక్కడ ప్రతి కంపెనీ మీడియం సైజు బాడీలో పెద్ద కారు ఇంజిన్ దూర్చడం మొదలెట్టింది, అవి బాగా అమ్ముడయ్యేసరికి సోకులు పెంచుకుంటూ రేట్లు పెంచుకుంటూ పోయారు, చివరికి ఏ కుర్రాళ్ళ కోసం మొదలెట్టారో వాళ్ళకే అందకుండా పోయాయి. అప్పుడు ప్లిమత్ వాళ్ళు 1968లో సోకులన్నీ పీకేసి, సాదా బెంచ్ సీటు వేసి, ఇంజిన్ మాత్రం గట్టిది పెట్టి, 3,000 డాలర్ల లోపు మొదలయ్యేట్టు ఈ కారు దింపారు. కార్టూన్‌లో పరిగెత్తే పక్షి పేరూ బొమ్మా వాడుకోడానికి వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు కట్టి, ఆ పక్షిలాగే బీప్ బీప్ మనే హారన్ కూడా పెట్టారు. 383కి 335 హార్స్‌పవర్ అని రాసేవాళ్ళు. 1969 మోడల్‌కి మోటర్ ట్రెండ్ పత్రిక కార్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చింది. 440 సిక్స్ బ్యారెల్, 426 హెమీ అనే ఇంకా పెద్ద ఇంజిన్లతో కూడా వచ్చాయి కానీ వాటి రేట్లు మనలాంటి జీతగాళ్ళు చూసేవి కావు.

ఇంక రీస్టోర్ చెయ్యనిదే, అంటే మళ్ళీ కొత్తదానిలా బాగుచెయ్యనిదే, ఎందుకంటే, నాకు తెలిసినంతలో రీస్టోర్ చేసిన కారు కొనడమంటే ఎవరో చేసిన పనిని గుడ్డిగా నమ్మడం. పెయింట్ కింద పుట్టీ ఎంత మందాన ఉందో, ఫ్లోర్ ఎక్కడ కోసి ఎక్కడ అతికారో, ఇంజిన్ దాని సొంతదేనా కాదా, పైనుంచి చూస్తే ఏం తెలీదు. బాగా చేసేవాళ్ళు లేరనను, ఉన్నారు, కానీ వాళ్ళ బిల్లులు చూస్తే కళ్ళు తిరుగుతాయి, కాబట్టి మార్కెట్లో తక్కువకి వచ్చే మెరుపు కారు అంటే ఎవడో ఎక్కడో కక్కుర్తి పడ్డాడనే అర్థం. ఎవరూ ముట్టుకోని కార్లో తుప్పుంటే తుప్పు కనిపిస్తుంది, సొట్టుంటే సొట్ట కనిపిస్తుంది. చూసుకుని బేరమాడొచ్చు. నేను చేసే ఉద్యోగం కూడా ఆటో సప్లయర్ దగ్గర బ్రేక్ సాఫ్ట్‌వేర్ టెస్టింగే, రోజూ ఎవరో రాసింది నమ్మకుండా తవ్వి చూడటమే నా పని, ఆ బుద్ధి ఇంటికొచ్చినా పోదు.

మాది డెట్రాయిట్ శివారు కాబట్టి పాత కార్లకి కొదవ లేదు. ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అని జరుగుతుంది, 1995లో మొదలైంది, రోడ్డు పక్కన కుర్చీ వేసుక్కూర్చుంటే చాలు, పొద్దున్నుంచి రాత్రిదాకా వరసగా పోతూనే ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరికే చూద్దామని వెళ్ళా, అదిగో అప్పుడు పట్టుకుంది జబ్బు. కాకపోతే ఇల్లు, గ్రీన్ కార్డు, పిల్లల డేకేర్ అన్నీ అయ్యాకే చేతిలో డబ్బు మిగిలింది.

వెతకడం మొదలెట్టాక తెలిసిందేంటంటే "బార్న్ ఫైండ్" అని రాస్తే చాలు రేటు పైకెళ్ళిపోతుంది. అంటే పాకలో ఏళ్ళ తరబడి పడున్న కారు అన్నమాట. కొందరు కావాలనే కడక్కుండా దుమ్ముతో ఫోటోలు పెడతారు, ఇంకొందరు కొత్తగా పెయింట్ కొట్టించి దాన్ని గీకి పాతదానిలా చేసి మరీ అమ్ముతారు, నిజంగా ఏళ్ళ తరబడి అరిగిన రూపాన్ని పాటినా అంటారు, ఇది దానికి నకలు. ఇండియానాలో ఒక డీలర్ దగ్గర ఇలాగే ఒక రోడ్‌రన్నర్ ఉందంటే ఫోన్ చేసి, విండ్‌షీల్డ్ లోంచి డ్యాష్‌బోర్డ్ మీద కనిపించే నంబర్ ప్లేటు ఫోటో తీసి పంపమన్నా. ప్లిమత్ క్రైస్లర్ కంపెనీ బ్రాండే, 1969 క్రైస్లర్ కార్లకి అది 13 అంకెలు అక్షరాల నంబర్. రోడ్‌రన్నర్ హార్డ్‌టాప్ ఐతే ఆర్ఎం23తో మొదలవ్వాలి, తర్వాత అక్షరం ఇంజిన్, 383 హై పెర్ఫార్మెన్స్‌కి హెచ్, తర్వాత 9 అంటే 1969, దాని పక్కన ఫ్యాక్టరీ, ఏ అంటే డెట్రాయిట్ లించ్ రోడ్, జీ అంటే సెయింట్ లూయిస్. ఆయన పంపిన ఫోటోలో ఆర్‌హెచ్23 అని ఉంది. అంటే అది శాటిలైట్, మామూలు ఫ్యామిలీ కారు, దానికి పక్షి బొమ్మలు అంటించి రోడ్‌రన్నర్ రేటు చెప్తున్నాడు. ఇదేంటని అడిగితే "ఎవరికి తెలుస్తుంది సార్" అన్నాడు, ఫోన్ పెట్టేశా.

ఇక్కడ క్రైస్లర్ కార్లతో ఇంకో తంటా ఉంది. పాంటియాక్ ఐతే పీహెచ్ఎస్ అనే సంస్థకి నంబర్ పంపి డబ్బు కడితే ఆ కారు ఫ్యాక్టరీ కాగితాల కాపీ వస్తుంది, 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ ఐతే మార్టీ రిపోర్ట్ వస్తుంది, ఏ రంగుతో ఏ ఇంజిన్‌తో పుట్టిందో అందులో ఉంటుంది. క్రైస్లర్ వాళ్ళ దగ్గర 1967 దాకా రికార్డులున్నాయి, 1968 నుంచి మజిల్ కార్ల (ఇలా పెద్ద ఇంజిన్ దూర్చిన కార్ల) కాలం మొత్తానివి లేవు. కాబట్టి కార్లోనే సాక్ష్యం దొరకాలి. రెండున్నాయి. ఒకటి ఫెండర్ ట్యాగ్, హుడ్ ఎత్తితే డ్రైవర్ వైపు, అంటే ఇక్కడ ఎడం వైపు, లోపలి ఫెండర్‌కి స్క్రూలతో బిగించిన చిన్న రేకు, దాని మీద కోడ్‌లు గుద్ది ఉంటాయి, పైనుంచి కిందకి కాదు, కింద వరస నుంచి పైకి చదవాలి. రెండోది బ్రాడ్‌కాస్ట్ షీట్, కారు లైన్ మీద తయారవుతున్నప్పుడు ఏ పార్టు బిగించాలో పనివాళ్ళకి చెప్పే కాగితం. పని అయ్యాక వాళ్ళు దాన్ని ఎక్కడ పడితే అక్కడ వదిలేసేవాళ్ళు, వెనక సీటు స్ప్రింగుల్లో, గ్లవ్‌బాక్స్ వెనక, గ్యాస్ (పెట్రోల్) ట్యాంక్ పైన, కార్పెట్ కింద. చాలావాటికి దొరకదు, ఎలుకలు తినేస్తాయి లేదా రీస్టోర్ చేసినవాడు చెత్తలో పారేస్తాడు.

లైమా అని ఒహాయోలో ఊరు, ఐ-75 హైవే మీద టొలీడో దాటాక ఇంకా కిందకి. అక్కడ ఒక పెద్దాయన కారు, ఆయన కూతురు ఆన్‌లైన్‌లో పెట్టింది. ఫోటోలు ఘోరంగా ఉన్నాయి, గ్యారేజ్‌లో చీకట్లో తీసింది, కారు మీద క్రిస్మస్ డబ్బాలు, ఒక మూల గడ్డి కోసే మిషన్. నాకదే నచ్చింది. ఫెండర్ ట్యాగ్ ఫోటో అడిగితే అదేంటని అడిగింది, ఎక్కడుంటుందో చెప్తే తీసి పంపింది. ఈ63, డీ32 అని స్పష్టంగా ఉన్నాయి, అంటే ఫోర్ బ్యారెల్ (నాలుగు నోళ్ళ) కార్బ్యురేటర్ ఉన్న 383, హెవీ డ్యూటీ టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పెయింట్ ఎఫ్8, ఐవీ గ్రీన్. నంబర్ ఆర్ఎం23హెచ్9ఏ. అడిగింది 34,000 డాలర్లు.

మా ఆవిడకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "కిచెన్ రీమోడల్ ఎప్పుడూ వచ్చే ఏడే" అంది. ఆ మాట మీద మా మధ్య జరిగిన చర్చ ఇక్కడ రాయను. ఒప్పందం ఏంటంటే 30,000 దాటకూడదు, కారు నడవాలి లేదా కనీసం స్టార్ట్ అవ్వాలి, నాతోపాటు వాళ్ళ తమ్ముడు రావాలి, నేను ఆవేశపడితే ఆపడానికి.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. మా బావమరిది దారంతా "బావా, ఈ డబ్బుకి టెస్లా వచ్చుద్ది బావా" అని గొణుగుతూనే ఉన్నాడు. నా సామాను పెయింట్ మందం కొలిచే గేజ్, మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం, టార్చ్, జాకీ, స్టాండ్‌లు, పాత బట్టలు. పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు, ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, కానీ కారు గురించి అడిగితే మాత్రం అన్నీ వినపడతాయి. 1971లో మొదటి ఓనర్ దగ్గర కొన్నాడట, 1980ల చివరిదాకా నడిపి తర్వాత గ్యారేజ్‌లో పెట్టేశాడు, అప్పుడప్పుడు స్టార్ట్ చేసేవాడు, కొన్నేళ్ళుగా అదీ లేదు.

ముందు పెయింట్. గేజ్ పెట్టి చూస్తే తలుపులు, రూఫ్, వెనక క్వార్టర్ ప్యానెళ్ళు అన్నీ నాలుగు, ఐదు మిల్స్ చూపిస్తున్నాయి, మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, ఫ్యాక్టరీ పెయింట్‌కి ఉండాల్సిన మందమే అది. ముందు కుడి ఫెండర్ దగ్గర మాత్రం పద్నాలుగుకి ఎగిరింది. పెద్దాయన్ని అడిగితే వెంటనే చెప్పాడు, 1974లో వాళ్ళావిడ మెయిల్ బాక్స్‌కి తగిలించిందట, ఆ మాట అంటూ ఇంటి లోపలికి చూశాడు. రూఫ్ మీద రంగు కొన్ని చోట్ల అరిగి కింద ప్రైమర్ కనిపిస్తోంది, ట్రంక్ అంచు మీద ఒక చోట ఫ్యాక్టరీలోనే కారిన పెయింట్ చుక్క గట్టిపడి అలాగే ఉంది. 1969లో ఎవడో షిఫ్ట్ చివర్లో తొందరపడి కొట్టింది. రీస్టోర్ చేసేవాళ్ళు ముందుగా గీకి పారేసేది దాన్నే, నేను మాత్రం దాన్ని చూసి మురిసిపోయా, మా వాడు నన్ను వింతగా చూశాడు.

రూఫ్‌కి వినైల్ లేకపోవడం కలిసొచ్చింది. ఈ కార్లకి వినైల్ టాప్ ఉంటే దాని కింద నీళ్ళు చేరి వెనక అద్దం చుట్టూ తుప్పు పడుతుంది, అక్కణ్ణించి నీళ్ళు ట్రంక్‌లోకి కారి ఫ్లోర్ పోతుంది. ఇందులో మ్యాట్ ఎత్తి చూస్తే ట్రంక్ ఫ్లోర్ మీద పై తుప్పే తప్ప చిల్లు లేదు. స్టెప్నీ ఎఫ్70-14 రెడ్‌స్ట్రీక్ టైరు, ఎర్ర గీత ఇంకా పోలేదు. అయస్కాంతం కింద అంచులన్నిటి మీదా గట్టిగానే పట్టుకుంది, ఎక్కడా పుట్టీ లేదు, ఆ ఫెండర్ మీద తప్ప.

అసలు చూడాల్సింది కింద. ఈ కార్లకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, ముందు సస్పెన్షన్‌కి స్ప్రింగుల బదులు పొడుగాటి టార్షన్ బార్లు, వాటి వెనక కొసలు గేర్‌బాక్స్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌లో కూర్చుంటాయి. అది తుప్పు పట్టిందంటే ఇంక ఆ కారు జోలికి పోకూడదు. పడుకుని టార్చ్ వేసి స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ వెళ్ళా, ఖంగుఖంగు మంది. బాడీ అడుగున పొడుగ్గా ఉండే వెనక ఎడం ఫ్రేమ్ రైల్ మీద మాత్రం ఒక చోట శబ్దం మారింది, గుచ్చి చూస్తే గుండుసూది మొనంత చిల్లు. అతికించుకోగలిగిందే, కానీ బేరానికి పనికొచ్చుద్ది, ఫోటో తీసి పెట్టుకున్నా.

ఈలోపు మా వాడు బ్రేక్ డ్రమ్ములు చూద్దామని డ్రైవర్ వైపు ముందు చక్రం విప్పబోయాడు. పానా వేసి తొక్కుతున్నాడు, నట్టు కదల్దు. ఎక్కి నిలబడ్డాడు, కదల్దు. "తుప్పు పట్టి అతుక్కుపోయింది బావా" అంటున్నాడు. పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చి, ఏం మాట్లాడకుండా పానా అటు తిప్పి పెట్టి ఒక్క తొక్కు తొక్కాడు, వదులైంది. అప్పటి క్రైస్లర్ కార్లకి ఎడం వైపు చక్రాల మరలు తిరగేసి ఉండేవి, బిగించే వైపు తిప్పితే ఊడతాయి, స్టడ్ కొస మీద ఎల్ అని గుద్ది కూడా ఉంటుంది. నేను చదివాను, నాకు తెలుసు, కానీ వాడికి చెప్పేలోపే వాడు ఎక్కి నిలబడ్డాడు. ఆ తర్వాత లైమాలో ఉన్నంతసేపూ వాడు ఏ బోల్టూ ముట్టుకోలా.

ఇంజిన్ దాని సొంతదేనా అన్నది పెద్ద ప్రశ్న. కారు నంబర్లో చివరి భాగం ఇంజిన్ బ్లాక్ మీద కూడా కొట్టి ఉంటుంది, 383కి అది కింద ఆయిల్ ప్యాన్ పట్టీ దగ్గర, ప్యాసింజర్ వైపు, గేర్‌బాక్స్ కలిసే చోటికి దగ్గర్లో. అక్కడ యాభై ఏళ్ళ గ్రీజూ మట్టీ కలిసి గడ్డకట్టి ఉంది. బ్రేక్ క్లీనర్ కొట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే నల్లటి నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి, ఒక్కో అంకె బయటపడుతోంది. నేను కిందనుంచి ఒక్కొక్కటి చదువుతుంటే మా వాడు పైన డ్యాష్‌బోర్డ్ దగ్గర నిలబడి "ఊ, కరెక్ట్, ఊ" అంటున్నాడు. చివరి అంకె దాకా కలిసింది. రేడియేటర్ సపోర్ట్ మీద కొట్టిన నంబర్ కూడా కలిసింది.

బ్రాడ్‌కాస్ట్ షీట్ కోసం వెనక సీటు పీకుతానంటే కూతురు కొంచెం భయపడింది, పెద్దాయన కానీమన్నాడు. కింది కుషన్ ముందుకి తోసి పైకి ఎత్తితే వచ్చేస్తుంది. ఎలుక గూడు, ఒక పెన్సిలు, 1972 నాటి పెన్నీ, స్ప్రింగుల మధ్య మడతలు పడి గోధుమ రంగుకి తిరిగిన కాగితం. ఒక మూల ఎలుక కొరికేసింది, కానీ కారు నంబర్, ఇంజిన్, రంగు ఉన్న గళ్ళు అలాగే ఉన్నాయి. చేత్తో లాగితే ముక్కలవుతుంది, అందుకే ఫోటోలు తీసి అక్కడే వదిలేసి, కొన్నాక ఇంట్లో స్ప్రింగుల తీగ కత్తిరించి తీశాం. అది దొరికినప్పుడు నా మొహంలో ఏమీ కనపడకుండా ఉండాలని చాలా కష్టపడ్డా, బేరం ఇంకా అవ్వలేదు కదా.

స్టార్ట్ చెయ్యడం. ముందు ప్లగ్గులు విప్పి సిలిండర్లలో ఆయిల్ చుక్కలు వేసి, ఇంజిన్‌ని ముందు బోల్టుకి పొడుగు పానా పెట్టి చేత్తో తిప్పాం, సాఫీగానే తిరిగింది. ట్యాంక్‌లో ఉన్న గ్యాస్ వార్నిష్ వాసన, దాన్ని ముట్టుకోకుండా విడిగా ఒక డబ్బాలో కొత్త గ్యాస్ పెట్టి పైపు కలిపాం, కొత్త బ్యాటరీ మాతో తెచ్చుకున్నదే. కీ తిప్పగానే రెండో తిప్పుకే గర్ మని అందుకుంది, గ్యారేజ్ రేకులన్నీ అదిరాయి, కీ వదలగానే ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ స్టార్ట్, వదిలితే మళ్ళీ బంద్. కూతురు మొహం వాడిపోయింది, కారు పాడైందనుకుంది. పాత క్రైస్లర్లు తెలిసినవాళ్ళకి ఇది చూడగానే తెలిసిపోద్ది, బ్యాలస్ట్ రెసిస్టర్ అని ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద తెల్లటి పింగాణీ ముక్క ఒకటి ఉంటుంది, కీ స్టార్ట్‌లో ఉన్నప్పుడు కరెంటు దాన్ని తప్పించుకుని స్పార్క్ పుట్టించే కాయిల్‌కి వెళ్తుంది, వదిలాక దాని గుండానే వెళ్ళాలి, అది పోతే ఇదే వరస. గ్లవ్‌బాక్స్ తెరిస్తే అట్టపెట్టెలో కొత్తది ఒకటి రెడీగా ఉంది, పెద్దాయన ఎప్పుడో కొని పెట్టుకున్నాడు. మార్చాక ఆగలేదు. వాల్వులు ఎత్తే లిఫ్టర్లు కాసేపు టకటకా కొట్టుకుని ఆయిల్ ఎక్కాక సర్దుకున్నాయి. పొగ మొదట్లో నీలంగా వచ్చి తర్వాత తగ్గింది. బ్రేకులు అస్సల్లేవు, పెడల్ నేలకి వెళ్ళిపోతోంది, కాబట్టి నడిపి చూడటం కుదర్లేదు.

ఓడోమీటర్ 71 వేల చిల్లర చూపిస్తోంది, ఐదంకెలే ఉంటాయి కాబట్టి 1,71,000 కూడా కావొచ్చు. పెద్దాయన దగ్గర గ్యాస్ కొట్టించిన లెక్కల పుస్తకం ఉంది, 1971 నుంచి, మైళ్ళతో సహా. అది చూశాక అడగాల్సిన అవసరం రాలేదు.

బేరం ఆయనతో అనుకున్నా, కాదు, కూతురితో. ఆవిడ ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచి కూర్చుంది. నేను బ్రేకులు, ఫ్రేమ్ రైల్, గ్యాస్ ట్యాంక్, టైర్లు, కుడి ఫెండర్, ముందు సీటు చీలిక అన్నీ ఒక్కోటి చెప్తుంటే ఒక్కోటి తీసేస్తోంది, మధ్యలో "సీటు మీరు మార్చరు కదా, మార్చనిదే కావాలన్నారుగా" అని పట్టుకుంది. నిజమే కదా, సీటు లెక్కలోంచి తీసేశాం. 29,000 దగ్గర తెగింది. పైగా రెండు అట్టపెట్టెల పార్టులు, పాత బిల్లులు, గ్యాస్ పుస్తకం మాకే.

ఒహాయోలో కారు టైటిల్ (ఓనర్‌షిప్ కాగితం) మీద అమ్మేవాళ్ళు నోటరీ ముందు సంతకం పెట్టాలి, ఇంట్లో పెట్టి ఇచ్చేస్తే చెల్లదు, అది ముందే తెలుసుకుని వెళ్ళా. శనివారం మధ్యాహ్నం నోటరీ ఎక్కడ దొరుకుతాడా అని వెతికితే ఒక షిప్పింగ్ షాపులో దొరికింది. పెద్దాయన్ని కార్లో తీసుకెళ్ళాం, ధర, తేదీ అన్నీ ఆ నోటరీ ఎదుటే రాసి సంతకం పెట్టించాం. డబ్బు బ్యాంక్ చెక్కు, అడ్వాన్స్ ఆ రోజు, మిగతాది సోమవారం వాళ్ళ బ్యాంకులోనే. టైటిల్ మీద నంబర్‌నీ డ్యాష్‌బోర్డ్ మీద నంబర్‌నీ అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి, ఒక్క అంకె తేడా ఉన్నా తర్వాత మనకే చుక్కలు కనిపిస్తాయి.

తేవడానికి మూసి ఉన్న ట్రెయిలర్ మాట్లాడా. ఓపెన్ ట్రెయిలర్ చవకే కానీ మార్చిలో రోడ్లనిండా మంచు కరగడానికి చల్లిన ఉప్పు, యాభై ఏళ్ళు కాపాడిన కారుకి ఐ-75 మీద ఉప్పు నీళ్ళు కొట్టించడం ఇష్టం లేకపోయింది. మిషిగన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో (బండ్ల రిజిస్ట్రేషన్ చూసేది వాళ్ళే) 15 రోజుల్లోపు టైటిల్ మన పేరుకి మార్చుకోవాలి, 6 శాతం ట్యాక్స్, నాకు 1,740 డాలర్లు పడింది. హిస్టారిక్ ప్లేటు తీసుకున్నా, 26 ఏళ్ళు దాటిన వాటికిస్తారు, ఖర్చు చాలా తక్కువ, కానీ రోజూ ఆఫీసుకి నడపకూడదు, క్లబ్ మీటింగులకీ షోలకీ పెరేడ్‌లకే, ఒక్క ఆగస్టు నెలలో మాత్రం ఎలాగైనా నడుపుకోవచ్చు. మిషిగన్ వాళ్ళకి ఆగస్టు అంటే ఏంటో తెలుసు. ఇన్సూరెన్స్ మామూలుది పనికిరాదు, వాళ్ళ లెక్కలో 1969 కారు విలువ సున్నా, అందుకే అగ్రీడ్ వాల్యూ పాలసీ, అంటే ముందే ఇద్దరం ఒప్పుకున్న మొత్తం ఇస్తారు. గ్యారేజ్ ఉందా, ఇంకో కారు ఉందా అని అడిగారు, ఫోటోలు పంపమన్నారు.

నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే "ఏరా, 50 ఏళ్ళ కారా, మన అంబాసిడర్ ఇచ్చేసినప్పుడు కొంచెం కూడా ఏడవలేదే" అన్నారు. గుంటూరులో అది పాతిక వేలకి తుక్కు కింద పోయింది, నేనప్పుడు హాస్టల్లో ఉన్నా. అమ్మ మాత్రం రంగు బావుందంది, కొబ్బరికాయ కొట్టారా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారా అని అడిగింది. పెట్టాం, కానీ ట్రెయిలర్ మీంచి తోసుకుంటూ దింపాం కాబట్టి నిమ్మకాయల మీదుగా కారుని నెట్టాల్సొచ్చింది. పక్కింటి తెల్లాయన కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు, ఎందుకని అడగలేదు పాపం.

ఇప్పటిదాకా చేయించింది ప్రాణానికి సంబంధించినవే. బ్రేకులు మొత్తం కొత్తవి, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉంచా, డిస్కులు పెట్టమని అందరూ చెప్పారు, పెట్టలేదు. గ్యాస్ ట్యాంక్ విప్పి లోపల కడిగించా, దాని పైన ఇంకో బ్రాడ్‌కాస్ట్ షీట్ దొరుకుతుందేమో అని ఆశపడ్డా, దొరకలేదు. టైర్లు కొత్త రేడియల్స్, పాతవి అటక మీద పెట్టా. ఫైర్‌వాల్ దగ్గర వైర్ల కనెక్టర్ విప్పి శుభ్రం చేశాం, ఈ కార్లలో కరెంటంతా ఆ కనెక్టర్ గుండానే డ్యాష్‌లో అమ్మీటర్‌కి (కరెంటు కొలిచే మీటర్) వెళ్ళి తిరిగొస్తుంది, అక్కడ వేడెక్కి కరిగిపోవడం మామూలు, మాదాంట్లో ఒక పిన్ను అప్పటికే గోధుమ రంగుకి తిరిగింది. ఫ్రేమ్ రైల్ చిల్లు ఒక వెల్డర్ అతికాడు, బయటికి కనపడకుండా పెయింట్ కొడతానంటే వద్దన్నా, అతికినట్టు తెలియాలి.

హారన్ మొదట మోగలేదు. అది ఊదా రంగు హారన్, పైన వాయిస్ ఆఫ్ రోడ్‌రన్నర్ అని చిన్న స్టిక్కర్, సగం చిరిగింది. స్టీరింగ్ కాంటాక్టులు ఎమెరీ పేపరుతో గీకాక బీప్ బీప్ మంది. మా చిన్నది అది విని సందు చివరిదాకా పరిగెత్తి మళ్ళీ మోగించమంది. ఇప్పుడు దాని దృష్టిలో కారుకి ఉన్న పని అదొక్కటే.

పెయింట్ ముట్టుకోలేదు, కడిగి మైనం రాశానంతే, మురికి పోయాక ఐవీ గ్రీన్‌లో లోహపు మెరుపు బయటికొచ్చింది. కుడి ఫెండర్ మీద మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. మా బావమరిది ఆ పుట్టీ తీసేసి పాత రంగు కలిపి కొట్టిద్దాం అంటాడు, నేను మెయిల్ బాక్స్ దెబ్బ కూడా కారుదే కదా అంటా. సీటు చీలికకి మాత్రం కింద గుడ్డ పెట్టి కుట్టించా, ఇంకా చీలకుండా. గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ కారుతోంది, కింద అట్ట పెట్టా, శీతాకాలంలో ఇంజిన్ దించి సీల్ వెయ్యాలి. జులైలో పెన్సిల్వేనియా కార్లైల్‌లో క్రైస్లర్ కార్ల మేళా ఉంటుంది, అక్కడికి ట్రెయిలర్ మీద కాకుండా నడుపుకుంటూ వెళ్దామని నా ఆలోచన, గ్లవ్‌బాక్స్‌లో రెండు బ్యాలస్ట్ రెసిస్టర్లు కొని పెట్టా. మా ఆవిడ తను ఫ్లైట్‌లో వస్తానంది.